పోలీసులు తరిమినప్పుడు దెబ్బలు తగిలితే: ఆసుపత్రి నుంచి కోర్టు దాకా ఏం చేయాలి

పేకాట మీద దాడి జరుగుతుంది. ఆడేవాళ్ళు తలో దిక్కుకు పరిగెడతారు. చీకట్లో ఒకరు గట్టు లేని బావిలో పడతారు. వాహన తనిఖీ చూసి బైక్ వెనక్కి తిప్పిన కుర్రాడు డివైడర్‌ను గుద్దుకుంటాడు. దొంగతనం కేసులో అనుమానితుడు గోడ దూకి కాలు విరగ్గొట్టుకున్నాడని మర్నాడు జిల్లా ఎడిషన్లో వస్తుంది. పోలీసుల మాట ఎప్పుడూ ఒకటే: "పారిపోతూ పడ్డాడు." అది నిజమే కావచ్చు, కాకపోనూ వచ్చు. తేల్చేది మాత్రం మొదటి రెండు మూడు రోజుల్లో మీ చేతికి వచ్చిన కాగితాలు, ఫొటోలు, వీడియోలే. ఆ తర్వాత ఎంత పెద్ద వకీలును పెట్టుకున్నా పోయిన ఫుటేజీ తిరిగి రాదు, మానిపోయిన కమిలిన గాయం మళ్ళీ కనబడదు.

ముందుగా ఒక మాట. అతను నేరం చేశాడా లేదా అన్నది ఒక కేసు, అతనికి దెబ్బ ఎలా తగిలిందన్నది ఇంకో కేసు. "మనవాడిదీ తప్పుంది కదా" అనుకుని చాలా కుటుంబాలు రెండోదాన్ని వదిలేస్తాయి. తప్పుంటే కోర్టు శిక్ష వేస్తుంది. కాలు విరగ్గొట్టే అధికారం ఏ స్టేషన్‌కూ లేదు. నిజంగా పారిపోతూ పడి ఉంటే, సరిగ్గా రాసుకున్న రికార్డు ఆ పోలీసునూ కాపాడుతుంది.

పట్టుబడక ముందు, పట్టుబడ్డాక

2024 జూలై 1 నుంచి పాత సీఆర్పీసీ స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత, అంటే బీఎన్ఎస్ఎస్, అమల్లో ఉంది. అందులో 43వ సెక్షన్ ప్రకారం ఎవరైనా అరెస్టును బలవంతంగా అడ్డుకున్నా, తప్పించుకోబోయినా పోలీసులు అందుకు అవసరమైన అన్ని మార్గాలూ వాడొచ్చు. అయితే మరణశిక్షో యావజ్జీవమో పడే నేరం ఆరోపణ లేని మనిషి ప్రాణం తీసే హక్కు తానివ్వడం లేదని అదే సెక్షన్ చెబుతుంది. 46వ సెక్షన్ ఇంకా సూటిగా ఉంటుంది: పారిపోకుండా ఆపడానికి ఎంత కావాలో అంతకు మించి నిర్బంధం ఉండకూడదు.

కాబట్టి కేసు మొత్తం తిరిగేది ఒక్క ఘడియ చుట్టూ: మనిషి పోలీసుల చేతికి చిక్కిన ఘడియ. అంతకు ముందు జరిగినదానికి "ఆపడానికి తప్పలేదు" అనే వాదన ఉంటుంది. చిక్కాక, చేతులు వెనక్కి విరిచి పట్టుకున్నాక, ఆ వాదన నిలవదు. కోర్టులో ప్రాసిక్యూషన్ అనుమతి, అంటే పోలీసు మీద కేసు నడపడానికి ప్రభుత్వం ఇవ్వాల్సిన అనుమతి, సమస్య కూడా ఇక్కడే వస్తుంది. డ్యూటీతో సంబంధం ఉన్న పనిలో మితిమీరినా ప్రభుత్వ అనుమతి కావాలని 2020లో డి. దేవరాజ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అనుమతి ఇచ్చేది బీఎన్ఎస్ఎస్ 218 కింద. ప్రభుత్వం 120 రోజుల్లో తేల్చకపోతే ఇచ్చినట్టే లెక్క. మరోవైపు, నిజం రాబట్టడానికి కొట్టడం పోలీసు విధికి సంబంధించిన పనే కాదని 1960ల్లోనే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, ఎన్. వేణుగోపాల్ కేసులో అదే సుప్రీంకోర్టు తేల్చింది. ఆ కేసులో వివాదం పోలీసుల మీద కేసు వేయడానికి పాత మద్రాసు జిల్లా పోలీసు చట్టం పెట్టిన మూడు నెలల గడువు మీద. ఆ గడువు వాదన మీ దగ్గర రాకుండా ఉండాలంటే ఫిర్యాదు మూడు నెలల లోపే కోర్టుకు చేరాలి.

అందుకే మొదటి పని ఒక నోటు పుస్తకం. దాన్ని 24 గంటల్లోపు మొదలుపెట్టండి. చూసినవాళ్ళను ఒక్కొక్కరినీ విడివిడిగా కూర్చోబెట్టి, వాళ్ళ మాటల్లోనే రాయండి. ఎన్ని గంటలకు చూశారు? ఎక్కడ నిలబడి, ఎంత దూరం నుంచి? వీధి దీపం వెలుగా, జీపు లైటా? పోలీసులు ఎందరు, యూనిఫాంలో ఉన్నారా సివిల్ దుస్తుల్లోనా? నేమ్ ప్లేట్లు ఉన్నాయా? బండి నంబరు ఏమిటి? ఇక అన్నిటికంటే విలువైన ప్రశ్న: పడ్డాక లేచాడా? జీపు దాకా నడిచి వెళ్ళాడా, ఎత్తి ఎక్కించారా? నడుచుకుంటూ జీపు ఎక్కిన మనిషి రెండు గంటల తర్వాత విరిగిన కాలితో స్ట్రెచర్ మీద ఆసుపత్రికి వస్తే, దెబ్బ ఆ రెండు గంటల్లోనే తగిలింది. ఈ ఒక్క వాక్యం ఇద్దరు సాక్షుల నోట విడివిడిగా వచ్చిందంటే కేసు సగం నిలబడినట్టే.

అందరి చేతా ఒకే పేరా రాయించకండి. అక్షరం మారని అయిదు స్టేట్‌మెంట్లు క్రాస్ ఎగ్జామినేషన్‌లో పది నిమిషాలు నిలవవు. చూడనిది చూసినట్టు రాయిస్తే చూసినదీ పోతుంది.

ఆసుపత్రిలో మొదటి వాక్యం

ప్రాణం ముందు, కాగితం తర్వాత. పోలీసు లాంఛనాల కోసం ఆగకుండా ప్రతి డాక్టరూ అత్యవసర చికిత్స చేయాలని 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇది ప్రైవేటు ఆసుపత్రికీ వర్తిస్తుంది. "ఇది పోలీస్ కేసు, గవర్నమెంటు ఆసుపత్రికి తీసుకెళ్ళండి" అంటే ఈ తీర్పు గుర్తు చేయండి.

ఎంఎల్‌సీలో, అంటే పోలీసు కేసయ్యే గాయాలకు ఆసుపత్రి రాసే మెడికో లీగల్ రికార్డులో, డాక్టర్ మొదట రాసేది దెబ్బ ఎలా తగిలిందన్న వాక్యం. పోలీసులు తీసుకొస్తే ఆ వాక్యం పోలీసులు చెప్పినట్టే వస్తుంది: "పారిపోతూ కింద పడ్డాడట." రెండేళ్ళ తర్వాత కోర్టులో అందరూ చూసేది ఆ వాక్యమే. గాయపడిన మనిషికి స్పృహ ఉంటే తనే చెప్పాలి: ఎవరు, దేంతో, ఎక్కడ, సుమారు ఎన్ని గంటలకు. పేర్లు తెలియకపోతే "యూనిఫాంలో ఇద్దరు, ఒకరి చేతిలో లాఠీ" అన్నా చాలు. తను చెప్పింది తన మాటల్లోనే రాయమని డాక్టరును మర్యాదగా అడగండి. ఉన్నదాని మీద ఒక్క దెబ్బ కూడా ఎక్కువ చెప్పవద్దు. తలకు దెబ్బ అని చెప్పి సీటీ స్కాన్‌లో ఏమీ కనబడకపోతే, నిజంగా విరిగిన చెయ్యి మీదా అనుమానం వస్తుంది.

పోలీసు మంచం పక్కనే ఉంటే ఒక్క మాట అడగండి: "సార్, ఈయన అరెస్టయ్యారా?" అయ్యారంటే అరెస్టు మెమో చూపించమనండి. కాలేదంటే ఎవరితోనైనా మాట్లాడే స్వేచ్ఛ అతనికి ఉంది. అడిగిన టైము, వచ్చిన జవాబు నోటు పుస్తకంలో ఎక్కించండి. తర్వాత మెమోలో అరెస్టు సాయంత్రం ఆరింటికి అని ఉండి, ఓపీ చీటీలో "పోలీసులు తెచ్చారు, మధ్యాహ్నం 2:10" అని ఉంటే ఆ తేడాకు జవాబు చెప్పాల్సింది వాళ్ళే.

చేతికి తెచ్చుకోవాల్సినవి: టైము ఉన్న ఓపీ చీటీ, ఎంఎల్‌సీ నంబరు, ఎక్స్‌రే ఫిల్ము లేదా సీడీ (రిపోర్టు ఒక్కటే సరిపోదు), కేస్ షీట్ నకలు, డిశ్చార్జ్ సమ్మరీ. 108లో తెస్తే ఆ ట్రిప్ రికార్డులో ఫోన్ వచ్చిన టైము, బండి చేరిన టైము, ఆసుపత్రిలో దించిన టైము ఉంటాయి. అడగడం మరిచిపోయేదీ ఎక్కువగా ఇదే. గాయాల ధ్రువపత్రం మామూలుగా పోలీసులకే వెళుతుంది. కానీ మనిషి అరెస్టయి ఉంటే బీఎన్ఎస్ఎస్ 53 కింద వైద్య పరీక్ష చేసిన డాక్టర్ గాయాలను, అవి సుమారు ఎప్పుడు తగిలాయో రాయాలి. నకలు అతనికి గానీ అతను చెప్పినవాళ్ళకు గానీ ఇవ్వాలి. ఇది హక్కు. బతిమాలి తెచ్చుకోవాల్సింది కాదు.

ఇక్కడే ప్రాణాపాయం ఒకటుంది, కుటుంబాలు గుర్తించనిది. పిరుదులు, తొడలు, పిక్కల మీద గట్టిగా కొడితే ఎముక విరగకపోవచ్చు. కానీ నలిగిన కండరాల నుంచి వచ్చే పదార్థం మూత్రపిండాలను మూసేస్తుంది. ఒకటి రెండు రోజుల్లో మూత్రం టీ డికాక్షన్ రంగులోకి మారినా, తగ్గిపోయినా వెంటనే డాక్టరుకు చెప్పి సీపీకే (కండరాలు ఎంత నలిగాయో చెప్పేది), క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చెప్పేది) రక్త పరీక్షలు చేయించండి. సకాలంలో సెలైన్ పడితే బతికే మనిషి, "ఒళ్ళునొప్పులే కదా" అని లాకప్‌లో ఉంచితే చనిపోవచ్చు.

గాయం ఏం చెబుతుంది

తేల్చేది ఫోరెన్సిక్ డాక్టర్. మీ పనల్లా ఏ గాయమూ రాయకుండా పోకుండా చూడటం. పరిగెడుతూ ముందుకు పడ్డ మనిషికి అరచేతులు, మోచేతులు, మోకాళ్ళు, గడ్డం గీసుకుపోతాయి. మట్టి, ఇసుక గాయంలో ఉంటుంది. చెయ్యి చాచి పడితే మణికట్టు ఎముక విరుగుతుంది. ఎత్తు నుంచి దూకితే మడమ ఎముక, వెన్నెముక దెబ్బతింటాయి. లాఠీ దెబ్బ వేరుగా ఉంటుంది: రెండు సమాంతర ఎర్రటి గీతలు, మధ్యలో చర్మం మామూలు రంగులో. అలాంటివి వీపు మీద, తొడల వెనక నాలుగైదు ఒకే దిశలో ఉంటే, పడటం వల్ల వచ్చాయని చెప్పడం కష్టం. చర్మం చెదరకుండా అరికాళ్ళు వాచి కమిలిపోవడం కూడా పరుగులో జరిగేది కాదు. ముంజేతి బయటివైపు కమిలితే ముఖానికి అడ్డం పెట్టుకున్నప్పుడు తగిలినట్టు. మణికట్టు చుట్టూ గీత ఉంటే బేడీల ప్రశ్న వస్తుంది. బేడీలు ఏ నేరాలకు వేయొచ్చో బీఎన్ఎస్ఎస్ 43(3)లో జాబితా ఉంది.

లోతుగా కమిలిన చోటు మొదటి రోజు పైకి కనబడకపోవచ్చు. మూడో రోజు నీలం, ఊదా తేలుతుంది. వారం నాటికి ఆకుపచ్చ, పసుపు కలుస్తాయి. అందుకే ఫొటోలు మొదటి రోజు, మూడో రోజు, ఏడో రోజు తీయాలి. ప్రతి గాయానికీ రెండు ఫొటోలు: దూరం నుంచి ఒకటి, అది శరీరంలో ఎక్కడుందో తెలిసేలా, దగ్గర నుంచి ఒకటి, పక్కన స్కేలు పెట్టి. కెమెరా గాయానికి ఎదురుగా ఉండాలి. పగటి వెలుగులో, ఫిల్టర్లు లేకుండా, ఫ్లాష్ లేకుండా. రంగు బట్ట పరచకండి, దాని నీడ చర్మం మీద పడుతుంది. ఆ రోజు వేసుకున్న బట్టలు ఉతకవద్దు. పూర్తిగా ఆరబెట్టి కాగితపు సంచిలో పెట్టండి. ప్లాస్టిక్ సంచిలో పెడితే రక్తపు మరకకు బూజు పడుతుంది.

మొదటి పరీక్షలో "గాయాల్లేవు" అని రాస్తే అక్కడితో ఆగిపోవద్దు. 2021 మేలో అప్పటి నరసాపురం ఎంపీ రఘురామకృష్ణరాజు కేసులో గుంటూరు నుంచి వచ్చిన వైద్య నివేదిక మీద వివాదం వస్తే, సుప్రీంకోర్టు ఆయన్ను సికింద్రాబాద్ సైనిక ఆసుపత్రికి పంపింది. తెలంగాణ హైకోర్టు నియమించే న్యాయాధికారి సమక్షంలో, వీడియో తీస్తూ పరీక్ష చేయమంది. కాలి వేలు ఎముక విరిగిందన్నది అక్కడి నివేదికలో వచ్చింది. ఎంపీకి దొరికింది మామూలు మనిషికి అంత సులువుగా దొరకదు, నిజమే. కానీ మెడికల్ బోర్డుతో రెండో పరీక్ష కావాలని మేజిస్ట్రేట్‌ను అడిగే దారి అందరికీ ఉంది. అందరూ ఆ అర్జీ వేయాలి. నిర్బంధంలో ఉన్నంత కాలం ప్రతి 48 గంటలకూ వైద్య పరీక్ష జరగాలని, అరెస్టు నియమాల మీద సుప్రీంకోర్టు ఇచ్చిన డి.కె. బసు తీర్పు 1996లోనే చెప్పింది.

ఫుటేజీ: ఇక్కడ గంటలు లెక్క

కిరాణా కొట్టు, పెట్రోలు బంకు, అపార్టుమెంటు గేటు దగ్గర సీసీ కెమెరాల రికార్డింగ్ పెట్టెలో (డీవీఆర్) హార్డ్ డిస్క్ నిండగానే పాతది చెరిగిపోతుంది. చిన్న డిస్క్ ఉన్నచోట వారం కూడా ఉండదు. మొదటి రోజే ఆ దారంతా నడిచి ఏ కెమెరా ఎటు చూస్తుందో రాసుకోండి. కొట్టు యజమాని భయపడితే ఫుటేజీ ఇవ్వమని ఒత్తిడి చేయకండి. చెరిగిపోకుండా ఉంచమని ఒక చీటీ ఇచ్చి, దాని నకలు మీద సంతకం తీసుకోండి. కోర్టు తెప్పించుకుంటుంది. డీవీఆర్ గడియారం అసలు టైముకు ఎన్ని నిమిషాలు తేడాగా ఉందో ఆ రోజే ఫోన్‌తో ఫొటో తీయండి. పదిహేను నిమిషాలు వెనకున్న గడియారం మీ లెక్కలన్నీ తలకిందులు చేస్తుంది.

హైదరాబాద్‌లో "నేను సైతం" కింద పెట్టిన వీధి కెమెరాలు చాలా ఉన్నాయి. కాలనీ సంఘాన్ని అడగండి. స్టేషన్ లోపలి కెమెరాల సంగతి 2020 డిసెంబర్ 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ తీర్పులో సుప్రీంకోర్టు తేల్చింది: గేటు, లాకప్, వరండాలు, ఇన్‌స్పెక్టర్ గది సహా అన్నిచోట్లా శబ్దంతో రికార్డు కావాలి, 18 నెలలు నిల్వ ఉండాలి. అది వీలుకాని చోట కూడా ఏడాదికి తగ్గకూడదు. ఎస్పీకి గానీ కమిషనర్‌కు గానీ ఫలానా తేదీ, ఫలానా గంట నుంచి ఫలానా గంట దాకా ఫుటేజీ భద్రపరచాలని రిజిస్టర్డ్ పోస్టులో రాయండి. దానితో పాటు జనరల్ డైరీ (స్టేషన్‌లో రోజువారీ జరిగినవన్నీ రాసే పుస్తకం), పెట్రోలింగ్ బండి జీపీఎస్, 112 కాల్ రికార్డు కూడా అడగండి. దాడిలో సోదా, జప్తు జరిగితే బీఎన్ఎస్ఎస్ 105 కింద వాళ్ళే వీడియో తీసి మేజిస్ట్రేట్‌కు పంపాలి. పేకాట కేసుల్లో డబ్బు, ముక్కలు జప్తు చేయడం మామూలే కాబట్టి "ఆ వీడియో ఎక్కడ?" అన్న ప్రశ్న తప్పక వేయండి.

మీ దగ్గరున్న వీడియో ఏ ఫోన్‌తో తీశారో ఆ ఫోన్‌ను అలాగే ఉంచండి. వాట్సాప్‌లో పంపితే నాణ్యత తగ్గుతుంది, తీసిన టైము వివరాలు పోతాయి. కేబుల్‌తో పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయండి. కోర్టులో పెట్టేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం 63(4) కింద సర్టిఫికెట్ కావాలి. దాంట్లో హ్యాష్ విలువ, అంటే ఫైలు మారలేదని చూపే కోడ్, రాయాలి, నిపుణుడి భాగం కూడా నింపాలి. ఇది లేక పోయిన కేసులున్నాయి.

బావి, చెరువు, కాలువలో పడ్డ కేసుల్లో ఒక టైము ప్రత్యేకంగా పట్టుకోండి: 108కి, 101కి ఎవరు ఫోన్ చేశారు, ఎన్నింటికి? దాడి రాత్రి పదింటికి అయి, మొదటి ఫోన్ తెల్లారి ఊరివాళ్ళు చేశారంటే, మనిషి నీళ్ళలో పడటం తెలిసీ వదిలేశారా అన్నది విచారించాల్సిన విషయం. అది నిర్లక్ష్యంతో మరణానికి కారణమవడం, ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) 106, కిందికి రావచ్చు.

అరెస్టు కాగితాలు, మేజిస్ట్రేట్ ముందు రెండు నిమిషాలు

అరెస్టు చేసే పోలీసు పేరు కనబడేలా గుర్తింపు పెట్టుకోవాలి. మెమో మీద కుటుంబ సభ్యుడో ఆ ప్రాంతపు పెద్దమనిషో సాక్షి సంతకం, అరెస్టయిన మనిషి సంతకం ఉండాలి. ఇవి బీఎన్ఎస్ఎస్ 36లో ఉన్నాయి. డి.కె. బసు ప్రకారం అడిగితే ఒంటి మీది గాయాలన్నీ రాసిన తనిఖీ మెమో కూడా తయారు చేసి, ఇద్దరూ సంతకం పెట్టి, నకలు ఇవ్వాలి. ఖాళీ కాగితం మీద, చదవని కాగితం మీద సంతకం పెట్టకండి. పెట్టక తప్పకపోతే సంతకం పక్కన టైము వేయండి.

ప్రయాణ సమయం మినహా 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు హాజరు పరచాలి. అరెస్టయినవాణ్ణి "పోలీసులు కొట్టారా?" అని మేజిస్ట్రేట్ అడగాలని 1983లోనే షీలా బార్సే కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ప్రశ్న వచ్చినప్పుడు వెనక నిలబడ్డ కానిస్టేబుల్ వైపు చూసి "లేదు సార్" అనేవాళ్ళే ఎక్కువ. ముందురోజే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు ఫోన్ చేయండి, నంబరు 15100. నిర్బంధంలో ఉన్న ఎవరికైనా ఆదాయంతో పని లేకుండా ఉచిత వకీలు వస్తారు. వకీలు అడగాల్సినవి మూడు: పోలీసులు బయటికి వెళ్ళాక మాట్లాడే వీలు, చొక్కా తీసి గాయాలు చూసి ఆర్డరులో రాయడం, మెడికల్ బోర్డు పరీక్ష. ఆసుపత్రిలో ఉంటే మేజిస్ట్రేట్ అక్కడికే వచ్చి చూడాలని కోరండి. ఆ ఆర్డరు సర్టిఫైడ్ కాపీ అదే రోజు అప్లై చేయండి. పద్దెనిమిదేళ్ళు నిండకపోతే లాకప్‌లో పెట్టడమే తప్పు, జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుకు తీసుకెళ్ళాలి.

ఫిర్యాదు ఎలా రాయాలి

ఫిర్యాదు ఒకటిన్నర పేజీ దాటకూడదు. "దారుణంగా, అమానుషంగా" లాంటి మాటలు తీసేసి టైములు, చోట్లు, చేతలు ఉంచండి. ఉదాహరణకు ఇలా:

"తేదీ ... రాత్రి సుమారు 9:40కి ... చెరువు కట్ట దగ్గర నా తమ్ముణ్ణి యూనిఫాంలో ఉన్న ముగ్గురు పట్టుకున్నారు. అతను నడిచి జీపు నంబరు ... ఎక్కాడు. ఇది చూసినవారు ... . రాత్రి 12:25కి ... ఆసుపత్రిలో అతన్ని స్ట్రెచర్ మీద దించారు. ఎంఎల్‌సీ నంబరు ... . ఎడమ కాలు ఎముక విరిగింది. 9:40 నుంచి 12:25 దాకా అతను పోలీసుల అదుపులోనే ఉన్నాడు. ఆ సమయంలో గాయం ఎలా తగిలిందో విచారించి కేసు నమోదు చేయాలని కోరుతున్నాను."

సెక్షన్లు మీరు రాయకపోయినా ఫర్వాలేదు, కానీ తెలిసి ఉండాలి. ఎంఎల్‌సీలో స్వల్ప గాయం అని ఉంటే బీఎన్ఎస్ 115(2) కింద పెట్టి, మేజిస్ట్రేట్ ఆర్డరు లేనిదే దర్యాప్తు చేయలేమంటారు. ఎముక గానీ పన్ను గానీ విరిగినా తొలగినా అది తీవ్ర గాయం, 117(2). పదిహేను రోజులు తీవ్రమైన నొప్పితో ఉన్నా, మామూలు పనులు చేసుకోలేకపోయినా తీవ్ర గాయమే. ఐపీసీలో ఇది ఇరవై రోజులుండేది. కాబట్టి విశ్రాంతి రాసిన డాక్టర్ చీటీ, ఉపాధి హామీ మస్టర్‌లో గైర్హాజరు, కంపెనీ సెలవు పత్రం దాచండి. నేరం ఒప్పించడానికి కొడితే 120వ సెక్షన్: పదేళ్ళ దాకా శిక్ష ఉంది, తీవ్ర గాయమైతే.

అదే స్టేషన్‌లో ఇవ్వాలని లేదు. ఏ స్టేషన్‌లో అయినా జీరో ఎఫ్ఐఆర్ చేయాలి. ఆన్‌లైన్‌లో పంపి మూడు రోజుల్లో సంతకం పెట్టొచ్చు. తీసుకోకపోతే బీఎన్ఎస్ఎస్ 173(4) కింద ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. సోమవారం అర్జీల రోజున నేరుగా ఇచ్చి రసీదు నంబరు కూడా తీసుకోండి. అక్కడా కదలకపోతే అఫిడవిట్‌తో మేజిస్ట్రేట్ దగ్గర 175(3) పిటిషన్. ఎస్పీకి పంపిన పోస్టు రసీదు లేకుండా వేస్తే మొదటి వాయిదాలోనే తిరిగొస్తుంది. ప్రభుత్వోద్యోగి మీద ఫిర్యాదు కాబట్టి 175(4) ప్రకారం పై అధికారి నివేదిక, ఆ పోలీసు వివరణ తీసుకున్నాకే ఆర్డరు వస్తుంది. ఆలస్యం అవుతుంది, దానికి సిద్ధపడండి. గాయపడింది ఎస్సీ, ఎస్టీ వ్యక్తి అయితే అట్రాసిటీ చట్టం కోణం మొదటి ఫిర్యాదులోనే రాయండి. తర్వాత చేరిస్తే కల్పించారంటారు.

ఫిర్యాదు ఇచ్చాక ఎదురు కేసు రావడం మామూలు: విధులకు ఆటంకం, బీఎన్ఎస్ 132. భయపడి వెనక్కి తీసుకోకండి. దానికి బెయిలు వేరేగా వేయండి. ఊరి పెద్దల ద్వారా రాజీ మాట కూడా వస్తుంది. వైద్యం ఖర్చు ఇస్తామంటే తీసుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టం. కానీ "కింద పడి తగిలింది" అన్న కాగితం మీద సంతకం మాత్రం ఎంత డబ్బిచ్చినా పెట్టవద్దు.

కాల్పులు, మరణం

తుపాకీ పేలితే, పౌర హక్కుల సంస్థ పీయూసీఎల్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2014 సెప్టెంబర్ 23న ఇచ్చిన తీర్పు వర్తిస్తుంది. అది ఎన్‌కౌంటర్ మరణాలకే కాదు, తీవ్ర గాయాలకూ వీలైనంత వరకు పాటించాలన్నారు. సీఐడీ గానీ మరో స్టేషన్ బృందం గానీ దర్యాప్తు చేయాలి. పర్యవేక్షించే అధికారి, కాల్పుల బృందం నాయకుడికంటే కనీసం ఒక ర్యాంకు పైన ఉండాలి. గాయపడిన వ్యక్తి స్టేట్‌మెంటును మేజిస్ట్రేట్ లేదా వైద్యాధికారి నమోదు చేయాలి. ఇవి జరగకపోతే కుటుంబం సెషన్స్ జడ్జికి ఫిర్యాదు చేయొచ్చు. 2019 డిసెంబర్ 6న షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో దిశ కేసు నిందితులు నలుగురు పోలీసు కాల్పుల్లో చనిపోయినప్పుడూ తుపాకులు లాక్కొని పారిపోబోయారన్నదే పోలీసుల కథనం. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ దాన్ని నమ్మలేదు. పది మంది పోలీసులను హత్యానేరం కింద విచారించాలని సిఫారసు చేసింది.

కస్టడీలో చనిపోతే బీఎన్ఎస్ఎస్ 196 కింద మేజిస్ట్రేట్ విచారణ తప్పనిసరి. 24 గంటల్లో జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు తెలియజేయాలి, పోస్టుమార్టం వీడియో తీయాలి. "కస్టడీలో లేడు, పారిపోతూ పోయాడు" అని దీన్ని తప్పించుకోబోతారు. అందుకే అర్జీ మేజిస్ట్రేట్‌కూ ఆర్డీఓకూ ఇద్దరికీ ఇవ్వండి. పోస్టుమార్టం వీడియో కావాలని మృతదేహం కదలకముందే రాసివ్వండి. వీలైతే దహనం చేయకుండా ఖననం చేయండి. రెండో పోస్టుమార్టానికి కోర్టు ఆర్డరు వస్తే పనికొస్తుంది.

బండితో గుద్దితే

పోలీసు వాహనం తగిలి గాయపడితే, అది పారిపోతున్నవాడైనా, రోడ్డు దాటుతున్న పక్కింటి మనిషైనా, మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో మోటారు వాహనాల చట్టం 166 సెక్షన్ కింద పరిహారం అడగొచ్చు. ఆరు నెలల గడువు దాటనివ్వకండి. ప్రభుత్వ వాహనాలకు బీమా మినహాయింపు ఉంటుంది కాబట్టి ప్రతివాదిగా రాష్ట్ర ప్రభుత్వాన్నే చేర్చాలి. బీమా కంపెనీ కోసం వెతుకుతూ గడువు పోగొట్టుకోవద్దు. పారిపోతున్నవాడి సొంత నిర్లక్ష్యం మేరకు పరిహారం తగ్గుతుంది, పూర్తిగా పోనవసరం లేదు. తప్పు ఎవరిదన్న వాదన వద్దనుకుంటే 164 కింద మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి 2.5 లక్షలు అడగొచ్చు. బారికేడ్‌కు గుద్దుకుంటే అదే రాత్రి, అదే వెలుతురులో ఫొటోలు తీయండి: రిఫ్లెక్టర్లు ఉన్నాయా, ఎంత దూరం నుంచి కనబడుతోంది, మలుపులో పెట్టారా.

మానవ హక్కుల కమిషన్

ఫిర్యాదు ఉచితం, తెలుగులో రాయొచ్చు, ఆన్‌లైన్‌లోనూ వేయొచ్చు. ఘటన జరిగిన ఏడాదిలోపు చేరాలి. రాష్ట్ర కమిషన్ తీసుకున్న విషయాన్ని జాతీయ కమిషన్ విచారించదు కాబట్టి రెండింటికీ ఒకేసారి పంపితే పని చెడుతుంది. ముందు ఒకటి ఎంచుకోండి. కమిషన్ శిక్ష వేయదు, పరిహారం సిఫారసు చేస్తుంది. దాని అసలు ఉపయోగం వేరు: అది నోటీసు పంపితే ఎస్పీ ఆఫీసు రాతపూర్వకంగా జవాబివ్వాలి. ఆ జవాబులో పోలీసులు చెప్పిన టైములను మీ నోటు పుస్తకంతో, ఓపీ చీటీతో పక్కపక్కన పెట్టి చూడండి. సమాచార హక్కు కింద కూడా అడగొచ్చు. ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించినదైతే జవాబు 48 గంటల్లో రావాలి. "దర్యాప్తుకు అడ్డు" అని తిప్పికొడితే, ఎలా అడ్డో చెప్పమంటూ 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయండి.